ముప్పై రోజుల పళ్లెం

న్యూజిలాండ్ వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాడూ నన్నడిగే మొదటి ప్రశ్న, "గొర్రెలు చూశారా మాస్టారూ?" చూశాను. చాలానే చూశాను. మంచుకొండ చూశాను. అయిదు డాలర్లు పెట్టి మాంసం కూరిన 'పై' అనే వేడి రొట్టె కొనుక్కుని, ఆబగా కొరికి నాలుక కాల్చుకున్నాను. అవన్నీ రాస్తాను. కానీ నేను వెళ్లింది వాటికోసం కాదు. ఒక పుస్తకంలో పన్నెండో అధ్యాయం కోసం వెళ్లాను. ఆ సంగతి ముందు చెప్పకపోతే తర్వాతదేదీ అర్థం కాదు.

నా పేరు రాయప్ప. మా క్రైస్తవుల్లో పీటరుకి పాతకాలం తెలుగు పేరు అది. గుంటూరులో ముప్పై ఏళ్లు తత్త్వశాస్త్రం పాఠం చెప్పి రిటైరయ్యాను. నాకా పిచ్చి అంటించింది ఫాదర్ ఆల్బన్. న్యూజిలాండ్ దేశస్థుడు. నేను చదువుకునే రోజుల్లో మా దగ్గర పదకొండేళ్లు ఉండి, మధ్యయుగాల క్రైస్తవ తత్త్వం బోధించారు. ఎడమచేతి వాటం. తెలుగు మాలాగే మాట్లాడేవారు, కారం మాకంటే ఎక్కువ తినేవారు. తర్వాత స్వదేశం వెళ్లిపోయి, మౌనం పాటించే ఒక మఠంలో చేరారు. అక్కణ్ణుంచి ఉత్తరాలు రాసేవారు. ఆ ఉత్తరాల్లోనే ఇరవై ఏళ్లపాటు ఇద్దరం కలిసి ఆ తత్త్వం మీద తెలుగులో ఒక పుస్తకం రాశాం.

పదకొండు అధ్యాయాలు పూర్తయ్యాయి. కదిలేదాన్ని కదిలించేది ఒకటుండాలి, పుట్టినదానికి కారణం ఒకటుండాలి అని ఆ కాలపు పండితులు తర్కంతో దేవుడిదాకా మెట్లు ఎలా కట్టారో ఆ పదకొండింట్లోనూ ఉంది. పన్నెండోది అసలైనది. అదే కాలంలో, అవే మఠాల్లో, ఇంకో రకం మనుషులుండేవారు. దేవుడి గురించి నువ్వు ఏమన్నా అది ఆయన కాదు, అన్న ప్రతి మాటా వెనక్కి తీసుకో, చివరికి చీకట్లో చేతులు చాపి నిలబడు అనేవాళ్లు. మన పెద్దలు నేతి నేతి అన్న దారే. ఈ ఇద్దరికీ పొత్తు ఎలా కుదిరింది? ఫాదర్ క్లాసులో ఒకటే చెప్పేవారు. "కృష్ణ ఒడ్డుదాకా ఎడ్లబండి తీసుకెళ్తుంది. బండి తప్పేం కాదురా. బండి లేకపోతే ఒడ్డుకే రాలేవు. ఏట్లోకి కూడా బండే తోలతానంటేనే తప్పు."

ఆ పండితుల్లో అందరికంటే పెద్దవాడు ఒకరోజు పూజలో ఏదో చూసి కలం పక్కన పెట్టేశాడట. మహాగ్రంథం సగంలో ఉంది. ఇక ముట్టుకోలేదు. అది దర్శనమా, మెదడులో నరం చిట్లిందా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నేనూ క్లాసులో లేచి అడిగాను. "రెండూ కావచ్చు, కూర్చో," అన్నారు ఫాదర్.

మూడేళ్ల కింద నా భార్య మరియమ్మ పోయింది. ఆరోజు నుంచి నాకు ప్రార్థన రాలేదు. దేవుడున్నాడని బోర్డు మీద అయిదు విధాల నిరూపించగలను. మోకాళ్లేసి, క్రీస్తు నేర్పిన పరలోక జపం మొదలుపెడితే సగంలో గొంతు ఆగిపోతుంది. ఈ మాట ఫాదర్‌కి రాసి, పన్నెండో అధ్యాయం తొందరగా పంపండి అని బతిమాలాను. పుస్తకం మిషతో నాకోసమే అడిగాను. "అది ఉత్తరంలో రాదు రాయప్పా, ప్రయత్నిస్తాను," అని జవాబొచ్చింది. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. నేనే వస్తున్నానని రాస్తే, మఠంలో అతిథుల్ని చూసే బ్రదర్ దగ్గర్నుంచి మాత్రం రమ్మని ఒక కార్డు వచ్చింది. 2015 మే నెలలో విమానం ఎక్కాను.

టకానిని

ఆక్లండ్ విమానాశ్రయంలో తినుబండారాల తనిఖీ దగ్గర నా గోంగూర పచ్చడి సీసా పట్టుకుని ఒకమ్మాయి మూత తీసి వాసన చూసింది. రెండుసార్లు తుమ్మింది. ఇంకెవర్నో పిలిచింది. ఆయనా తుమ్మాడు. ఇద్దరూ నావైపు జాలిగా చూసి వదిలేశారు. ఆ సీసా ఫాదర్ కోసం.

మా చెల్లెలి కూతురు సుజాత అక్కడికి చదువుకోవడానికి వెళ్లి ఉద్యోగంలో సెటిల్ అయ్యింది. ఆక్లండ్ శివారు టకానినిలో కొత్తిల్లు. కొత్త వీధులన్నిట్లోనూ ఒకే రంగు, ఒకే గేటు, ఒకే పొట్టి మొక్క. సాయంత్రం అలా నడిచొద్దామని బయల్దేరి అరగంట తిరిగాను. ఒక్క మనిషి ఎదురు రాలేదు. కిటికీల్లో దీపాలున్నాయి, టీవీలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. వెనక్కొచ్చి తాళంచెవి పెడితే తిరగలేదు. బలంగా తిప్పుతుంటే లోపల్నుంచి తలుపు తెరుచుకుంది. సమోవా దీవుల నుంచి వచ్చిన భారీ పెద్దాయన. దొంగా అని అరవలేదు. చెప్పుల్లేకుండా నాతో రెండు వీధులు నడిచి దిగబెట్టి వెళ్లాడు. అక్కడ చెప్పుల్లేకుండా బజారుకీ వెళ్తారు. మనం ఇంట్లో విప్పేవి వాళ్లు వీధిలోనూ తొడగరు.

"మావయ్యా, రేపు బయల్దేరేముందు మఠానికి ఒక ఫోన్ చేద్దాం," అంది సుజాత. "ఇక్కడ చెప్పకుండా ఎవరింటికీ వెళ్లరు."

"ఉత్తరం రాశాను కదే. రమ్మన్నారు. మౌనంగా ఉండేవాళ్లకి ఫోన్ చేసి ఏం మాట్లాడతావు?"

"అయ్యో, మౌనం అంటే ఫోన్ ఎత్తరని కాదు. వాళ్లకి వెబ్‌సైట్ కూడా ఉంది."

"నీకు తెలీదు, ఊరుకో."

నా నోటికి ఆ పూట తాళం పడి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

హామిల్టన్

సుజాత హామిల్టన్ దాకా డ్రైవ్ చేసింది. దారిలో ఒక పొలం గేటు పక్కన చెక్కబల్ల, దానిమీద సంచుల్లో ఫీజోవా పళ్లు, ఒక రేకు డబ్బా. అమ్మేవాళ్లు లేరు. సంచి తీసుకుని రెండు డాలర్లు డబ్బాలో వెయ్యాలిట. "ఎవరన్నా చూస్తున్నారా?" అని చుట్టూ చూశాను. పొగమంచులో ఆవులు తప్ప ఏమీ లేవు. ఎవరూ లేని కొట్టుకి డబ్బు కట్టడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఎవరో ఉన్నట్టే ఉంది. నాణెం వేసి, ఎందుకో తల వంచి మరీ వచ్చాను. జామపండు వాసన, పుల్లటి గుజ్జు. బాగుంది.

హామిల్టన్‌లో సుజాతకి తెలిసిన సరోజినీ ఆంటీ డెయిరీ నడుపుతుంది. అక్కడ డెయిరీ అంటే మన వీధి చివర కిరాణా కొట్టు. ఆవిడది ఫిజీ. ముత్తవ్వ ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కింది. తెలుగు పోయి ఫిజీ హిందీ, ఇంగ్లీషు మిగిలాయి. దేవుడి పటం ముందు అగరొత్తి, పక్కనే లాటరీ టికెట్లు. నాకు ఐస్‌క్రీమ్ ఇచ్చి డబ్బు తీసుకోలేదు.

"మాస్టర్‌జీ, నాకు తెలుగు ఒకే ఒక్క ముక్క వచ్చు," అంది. "మా అవ్వ నేర్పింది. చెరకు తోటలో ఒంటరిగా నడిచేటప్పుడు చెప్పుకోమంది. ఇప్పటికీ భయమేస్తే అంటాను."

కళ్లు మూసుకుని, సన్నగా, ఎవరినో పిలుస్తున్నట్టు అంది. "తల్లీ ఉండావా?" ఒక క్షణం ఆగింది. గొంతు కిందికి దించి, "ఉండాను బిడ్డా," అంది.

ఆ రెండో గొంతు ఆవిడది కాదేమో అనిపించింది. సుజాత నవ్వబోయి మానేసింది.

"దీనర్థం ఏంటంటే అమ్మా," అని మొదలుపెట్టాను. మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "వద్దు మాస్టర్‌జీ, చెప్పకండి. నా పిల్లలు కూడా ఫోన్లో వెతుకుతామన్నారు, వద్దన్నాను. అర్థం తెలిస్తే ఇది పని చెయ్యడం మానేస్తుందేమో."

ముప్పై ఏళ్లు ఏ మాటకైనా అర్థం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, ఆ కౌంటర్ ముందు ఐస్‌క్రీమ్ కారిపోతుంటే నిలబడ్డాను.

ఎడారి దారి

మర్నాడు ఉదయం సుజాత నన్ను బస్సెక్కించి వెనక్కి వెళ్లింది. మధ్యాహ్నానికి ఎడారి రోడ్డు అని పిలిచే దారిలో పడ్డాం. ఇసుక లేదు. గోధుమరంగు గడ్డి, బూడిద, ఒక పక్క మంచు కప్పిన అగ్నిపర్వతం. ఇక్కడ సైన్యం తుపాకులు పేలుస్తుంది, లోపలికి రావద్దు అని బోర్డులు. మబ్బు కిందికి దిగింది. కొండ పోయింది, గడ్డి పోయింది, రోడ్డు మీద తెల్లగీత ఒక్కటే మిగిలింది.

నా పక్కన మోకాళ్లదాకా రబ్బరు గమ్‌బూట్లు వేసుకున్న ముసలి రైతు. ఎక్కడికని అడిగితే మఠం అని చెప్పాను. "ఓ, ఆ పాలు పితికే సన్యాసులా," అన్నాడు. "మంచి ఆవులు. అక్కడ నీకు ఎవరున్నారు?"

"మా గురువుగారు."

"ఉన్నారా?" అన్నాడు అతను. ఏదో మాటవరసకి అడిగాడని తెలుసు. కానీ అలా అడగడం నాకు నచ్చలేదు. "ఉన్నారు," అని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత తైహాపేలో దిగేదాకా అతను నిద్రపోయాడు. దిగేటప్పుడు అందరిలాగే డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగాడు. మన ఆర్టీసీ బస్సులో అలా చెబితే కండక్టర్ టికెట్ తీసుకోలేదేమోనని అనుమానిస్తాడు.

పామర్‌స్టన్ నార్త్

చదునైన ఊరు, సైకిళ్లు. శ్రీకాంత్ అనే కుర్రాడి ఫ్లాట్‌లో పడక. కరీంనగర్ వాడు, సుజాత క్లాస్‌మేట్. ఆసుపత్రి వార్డులో రోగుల్ని లేపి కూర్చోబెట్టే పని. చికెన్ వండిపెట్టాడు. ఉప్పెక్కువైందని చెబుదామనుకున్నాను, కానీ వాడి అలసిన మొహం చూసి రెండోసారి వడ్డించుకున్నాను.

పొద్దున కారులో తనే మఠానికి తీసుకెళ్లాడు. ఊరి వెనక కొండల మీద గాలిమరలు. పొగమంచులోంచి ఒక రెక్క ఒక్కటే బయటికొచ్చి, మన నెత్తిమీద నుంచి పోయి, మాయమయ్యేది. మిగతా మర కనబడేది కాదు. చప్పుడు మాత్రం కడుపులో వినిపించేది.

"సార్, మీరు తెల్లాయన్ని కలువనీకి పోతున్నరు గదా. ఒకటి చెప్తా, నవ్వొద్దు," అన్నాడు శ్రీకాంత్. "నెల కింద మా వార్డుల ఒక తెల్ల ముసలాయన ఉండె. మాట పడిపోయిందన్నరు. స్ట్రోకని. పొద్దుగాల నేను పోయి దుప్పటి సదురుతుంటే, కండ్లు దెరిచి, 'అన్నం తిన్నావా బాబూ?' అన్నడు. గుంటూరు యాస సార్! నేను జడుసుకున్న. వెనకకి తిరిగి చూసిన, ఎవరన్న అన్నరేమోనని."

నేను సీట్లో వాడివైపు తిరిగాను. "ఆయనే! ఎలా ఉన్నారు?"

"తెల్వది సార్. మా షిఫ్టు మారింది. మల్ల పోయేసరికి ఆయన జాగకి తోలిన్రని చెప్పిన్రు. ఇంగ్లీషుల ఒక్క మాట అనలే. నాతోటే మాట్లాడేది."

"ఇంకేమన్నారు?"

"గదే. రోజూ గదే అడిగేది. తిన్న అని చెప్తే గాని ఊకునేటోడు కాదు."

బతికే ఉన్నారు, మాట తగ్గిందంతే, నన్ను చూస్తే తెలుగు వస్తుంది అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. పన్నెండో అధ్యాయం ఆయన నోటితో చెబితే నేను రాసుకుంటాను. అందుకు కొత్త నోటుబుక్కు కూడా తెచ్చాను.

కొండవతల

శ్రీకాంత్‌కి డ్యూటీ ఉండి గేటు దగ్గరే దింపి వెళ్లిపోయాడు. పొగమంచు పోలేదు. గేటు నుంచి ఇళ్లదాకా మట్టిబాట. ఎడంపక్క చెక్కసిలువల వరస, చివర కొత్తగా తవ్విన మట్టి. నేను చూసీ చూడనట్టు నడిచాను. సమాధుల దగ్గర ఆగే అలవాటు నాకు మరియమ్మ తర్వాత పోయింది.

ఎవరూ లేరు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. వరండాలో ఏడు జతల గమ్‌బూట్లు వరసగా, ఎనిమిదో జత కాస్త ఎడంగా. ఎనిమిదో జతలో సాలెగూడు. "ఏవండీ," అని తెలుగులోనే పిలిచాను. నా గొంతు లోపలికెళ్లి తిరిగి రాలేదు.

అంతలో నడుం వంగిన ఒక బ్రదర్ వచ్చి పెదవుల మీద వేలు పెట్టాడు. గోడ మీద కాగితం చూపించాడు. ఆరోజు మధ్యాహ్నం భోజనం ముగిసేదాకా పూర్తి మౌనం. నేను "ఫాదర్ ఆల్బన్" అని రాసి చూపిద్దామని నోటుబుక్కు తీసేలోపు గంట మోగింది. అందరూ వరసగా భోజనశాలలోకి నడిచారు. నేనూ వెనకే.

పళ్లెం

పొడవైన గది. గోడ పొడుగునా బల్లలు, అందరూ ఒకే పక్క కూర్చుంటారు. ఏడుగురు ముసలివాళ్లు. ఒకాయన ఎత్తుపీట ఎక్కి పుస్తకం పైకి చదువుతాడు, మిగతావాళ్లు వింటూ తింటారు. నా కళ్లు ఫాదర్ కోసం వెతికాయి. లేరు. మంచం మీద ఉండి ఉంటారనుకున్నాను.

బ్రదర్ నాకు దూరంగా తలుపు పక్క బల్ల చూపించాడు. అక్కడ ఖాళీ పళ్లెం బోర్లించి ఉంది. కానీ వరస మధ్యలో, నిండా వడ్డించిన పళ్లెం ముందు ఖాళీ కుర్చీ ఉంది. సూప్‌లోంచి ఆవిరి లేస్తోంది. పళ్లెం ముందు చిన్న చెక్కసిలువ, దాని కింద రోజ్‌మేరీ అనే సువాసన ఆకు రెమ్మ. మన ఇళ్లలో దూరం నుంచి చుట్టం వస్తే ముందే వడ్డించి, నలుగురి మధ్యా కూర్చోబెడతాం. వడ్డించిన విస్తరి వదిలేసి మూల కూర్చుంటే అన్నాన్ని అవమానించినట్టే. ఎంత మర్యాద చేశారు అని పొంగిపోయి, వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

చెంచాలన్నీ ఆగిపోయాయి.

చదివే ఆయన కూడా ఆగాడు. నా పక్కాయన సగం లేచాడు. ఎదురుగా గది చివర కూర్చున్న మఠాధిపతి చెయ్యి కొంచెం ఎత్తాడు, అంతే. పక్కాయన కూర్చున్నాడు. చదువు మళ్లీ మొదలైంది. చెంచాలు మొదలవలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. కొత్తవాణ్ణి కదా అనుకుని, నేను గుమ్మడికాయ సూప్ తాగడం మొదలుపెట్టాను. చప్పగా ఉంది.

చెంచా నోట్లోకి వంకరగా వస్తోంది. తీసి చూశాను. ఏళ్లతరబడి వాడి వాడి ఒక పక్క అరిగిపోయిన పాత చెంచా. కుడిచేత్తో తినేవాడి చెంచా అటువైపు అరగదు. అప్పుడు చూశాను, నీళ్లగ్లాసు వెనక చిన్న సీసా. అందులో ఎర్రటి కారప్పొడి.

ఇది ఫాదర్ కుర్చీ. ఆయన చోట్లో కూర్చుని ఆయన తిండి తింటున్నాను. ఇప్పుడు వస్తారు. ఆలస్యమైంది, అందుకే చూస్తున్నారు అందరూ. లేవాలా? సగం తిన్నదాన్ని వదిలి ఎలా లేవడం? నా వెనకే ఎవరో నిలబడ్డారనిపించింది. కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టినట్టు, ఊపిరి బిగబట్టి నా పళ్లెం చూస్తున్నట్టు. తల తిప్పి చూద్దామంటే మెడ తిరగలేదు. నిజంగా తిరగలేదు. సూప్, రొట్టె, కూమరా అని వాళ్లు పిలిచే ఉడికించిన చిలగడదుంప మొత్తం తిన్నాను. చివర తిరిగి చూస్తే గోడ. కుర్చీకీ గోడకీ మధ్య మనిషి నిలబడే చోటే లేదు.

ఇరవై మూడు కాగితాలు

భోజనం అయ్యాక మఠాధిపతి నన్ను పాలగది పక్కనున్న తన గదికి తీసుకెళ్లాడు. ఎర్ర చేతుల రైతు మనిషి. "మీరు గుంటూరు నుంచి వచ్చిన పీటర్ కదూ," అన్నాడు. "మీకు ఉత్తరం రాశాను. అందలేదా?"

నేను బయల్దేరాక అది గుంటూరు చేరి ఉంటుంది. అప్పుడు నాకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఫాదర్ ఆల్బన్ పోయి ఆరోజుకి పంతొమ్మిది రోజులని ఆయన చెప్పాడు. గేటు పక్క కొత్త మట్టి ఆయనదే.

చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆపైన కోపం వచ్చింది. సుజాత మాట వినని నామీద, ఆయన మీద, ఆకాశం మీద. "నేను ఆయన పళ్లెంలో తిన్నానా?" అని అరిచాను. "మీలో ఒక్కరైనా ఆపకూడదా?"

"కూర్చోండి," అన్నాడాయన. "మా ఆచారం చెబుతాను. మాలో ఎవరైనా పోతే ముప్పై రోజులు ఆయన చోట్లో భోజనం వడ్డిస్తాం. సిలువ పెడతాం. ఆ భోజనం గేటు దగ్గరికి వచ్చిన పరాయివాడిది. వందల ఏళ్ల నాటి నియమం. కానీ ఈ కొండల్లోకి ఆకలితో ఎవరొస్తారు? రోజూ డబ్బాలో పెట్టి పట్నంలో ఉచిత భోజనం పెట్టేవాళ్లకి పంపుతాం. నేనిక్కడికి వచ్చి నలభై ఏళ్లు. ఒక పరాయి మనిషి నడిచొచ్చి, ఎవరూ చెప్పకుండా, ఆ కుర్చీలో కూర్చోవడం ఇప్పుడే చూశాను. మాకు చెంచా కదల్లేదు, అందుకు క్షమించండి."

మన కర్మకాండల్లో పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తారు. వాలకపోతే మనసు కుదుటపడదు. మా హిందూ మిత్రుల ఇళ్లలో ఎన్నిసార్లో చూశాను. ఇక్కడ పంతొమ్మిది రోజులుగా వీళ్లు చూసిన ఎదురుచూపుకి కాకి నేనన్నమాట.

"ఆయన చివర్లో ఏం చేశారు?" అని అడిగాను. "నాకోసం ఒక అధ్యాయం రాయాలి."

"ఆరు నెలలు రోజూ రాతబల్ల ముందు కూర్చునేవారు. నవ్వుతూ ఉండేవారు. డాక్టర్లు చిన్న చిన్న స్ట్రోకులన్నారు."

"మీరేమంటారు?"

"నేను పాలు పితికేవాణ్ణి," అన్నాడు మఠాధిపతి. సొరుగులోంచి ఒక కట్ట తీశాడు. "ఇవి ఆయన బల్ల మీదున్నాయి. మాకు ఈ లిపి చదవడం రాదు. అన్నిటి మీదా ఒకే మాట ఉన్నట్టుంది. ఏదో ప్రార్థన అనుకున్నాం, ఒకే నామాన్ని మళ్లీ మళ్లీ రాసే రకం."

ఇరవై మూడు కాగితాలు. మొదటివాటిలో ముత్యాల్లాంటి అక్షరాలు, చివరివాటిలో వణుకు. అన్నిటి మీదా పైన ఒకే మాట, "రాయప్పా". ఆ తర్వాత కాగితం కిందిదాకా ఏమీ లేదు.

"ఏం రాసుంది?" అని అడిగాడాయన.

"నా పేరు."

"ఇంకేం లేదా?"

"లేదు. నా పేరు పిలిచి ఆగిపోయారు. ఇరవై మూడు సార్లు."

ఆయన పై కాగితం మీద నా పేరు ఇంకోసారి చూశాడు. "అయితే మేం అనుకున్నది మరీ తప్పేం కాదు," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇంకా పదకొండు రోజుల భోజనం ఉంది. మీదే," అన్నాడు.

సుజాతకి ఫోన్ చేశాను. అవును, మఠంలో ఫోనుంది. సౌత్ ఐలాండ్ చూపిస్తానని అది కట్టిన టూర్ డబ్బులు గంగలో కలిశాయి. ఒక్క మాట అనలేదు పిచ్చిది. "ఉండు మావయ్యా, స్వెటర్ వేసుకో," అంది.

ముప్పయ్యో రోజు

పదకొండు రోజులు ఆ కుర్చీలో తిన్నాను. అరిగిన చెంచా కుడిచేతికి అలవాటు కాక, ఎడంచేత్తో తినడం నేర్చుకున్నాను. గోంగూర సీసా బల్ల మీద పెడితే పక్కాయన రుచి చూసి, మౌనం కాబట్టి అరవలేక, కళ్ల నీళ్లతో రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. మర్నాడు మళ్లీ చెయ్యి చాపాడు. వెనక ఎవరో నిలబడ్డ భావం మాత్రం ఏ పూటా వదల్లేదు. మొదటి మూడు రోజులు భయం. తర్వాత, నేను తిన్నానో లేదో చూడటానికి నిలబడ్డారనిపించేది. పళ్లెం ఖాళీ కాగానే పోయేది.

చివరి రోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నాను. కారం సీసాలో అడుగున మిగిలిన చిటికెడు సూప్‌లో దులిపాను. చెంచా ఎత్తాను. వెనక ఎవరూ లేరు.

ఎంత చూసినా లేరు. గోడ ఉంది. గోడ మాత్రమే ఉంది. మరియమ్మ పోయిన మర్నాడు వంటింట్లోకి వెళ్తే ఇలాగే ఉండింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పళ్లెం పక్కన పెట్టిన చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. అయినా మాట ఆగలేదు, ఆ నిశ్శబ్దంలో పైకే అనేశాను. "ఉన్నారా ఫాదర్?"

చెంచాలు ఆగిపోయాయి. చదివే ఆయన ఆగాడు. తర్వాత ఎవరో రొట్టె నావైపు జరిపారు. తిన్నాను.

భోజనం అయ్యాక మఠాధిపతి సిలువ తీసి జేబులో పెట్టుకుని, పళ్లెం బోర్లించాడు. వరండాలోకి రాగానే నేను చేతులు జోడించాను. "క్షమించండి. నియమం తప్పి మధ్యలో ఒక మాట అనేశాను."

"ఒకటా?" అన్నాడాయన. "రెండు విన్నాం."

"ఒకటే. ఒక ప్రశ్న అడిగాను."

"మీ భాష నాకు రాదు. మొదటిది పైకి లేచి ఆగింది, అది ప్రశ్నే అయి ఉండాలి. కాసేపయ్యాక ఇంకోటి. చిన్నది. మెల్లగా కిందికి దిగింది." ఆయన నా మొహం చూసి, "మీరు గుడ్డలో మొహం పెట్టుకున్నారు," అన్నాడు. తర్వాత ఆవుల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎనిమిదో జత బూట్ల పక్కన నిలబడిపోయాను. తర్కం నా వృత్తి కాబట్టి అక్కడే లెక్క తీశాను. ఏడ్చే మనిషి తనే అడిగి తనే జవాబు చెప్పుకోవచ్చు, చెప్పుకున్నట్టు గుర్తు లేకపోవచ్చు. హామిల్టన్ ఆంటీ కౌంటర్ వెనక చేసేది అదే కదా. ఇదే నిజమని ఎవరైనా అంటారు, నేనూ అంటాను. బండి అక్కడిదాకా బాగానే వచ్చింది.

పుస్తకం ఇప్పుడు అచ్చులో ఉంది. ఫాదర్ రాయలేని అధ్యాయం ఆయన పేరుతో రాసే ధైర్యం నాకు లేదు. పన్నెండోదిగా ఈ ప్రయాణం సంగతే వేస్తున్నాను, గొర్రెలు తీసేసి.

ఆ ముప్పయ్యో రోజు సాయంత్రం వెలుగుండగానే కొత్త మట్టి దగ్గరికి వెళ్లి మోకాళ్లేశాను. మోకాళ్ల కింద తడి తగిలింది. పరలోక జపం మొదలుపెట్టి, సగం దాటి, చివరిదాకా చెప్పాను. తర్వాత మరియమ్మకి, ఫాదర్‌కి అన్నం తిన్నానని చెప్పి లేచాను.